వైద్యుని చెవిన వేసిన మాట

మన పల్లెటూళ్ళలో వైద్యుని దగ్గర కాగితాలుండేవి కావు. నాడి పట్టి చూసే ఆచారిగారో, సైకిలు మీద వచ్చే ఆర్.ఎం.పి. డాక్టరుగారో రోగి చరిత్రనంతా మనసులోనే పెట్టుకునేవారు. ఆయన నోరు జారితే ఊరంతటికీ తెలిసేది, జారకపోతే ఆయనతోనే పోయేది. అమెరికాలో మన రోగచరిత్ర కాగితం మీద ఉండేది. 2009లో వచ్చిన హైటెక్ చట్టం తరువాత అది కంప్యూటరులోకి చేరింది. రికార్డులను కంప్యూటరుకెక్కించిన వైద్యులకు, ఆసుపత్రులకు ఫెడరల్ ప్రభుత్వం వేల కోట్ల డాలర్లు ప్రోత్సాహకంగా ఇచ్చింది. దీనివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. స్పృహ లేకుండా ఎమర్జెన్సీ గదికి చేరిన మనిషికి పెన్సిలిన్ పడదన్న సంగతి ఇప్పుడు అక్కడి డాక్టరుకు క్షణంలో తెలిసే వీలుంది. అయితే ఆ సంగతి ఇంకా ఎవరెవరికి తెలుస్తోంది? ఈ వ్యాసంలో చర్చించదలచినది అదే.

2019 నవంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ఒక వార్త ప్రచురించింది. సెయింట్ లూయిస్ కేంద్రంగా 21 రాష్ట్రాలలో ఆసుపత్రులు నడుపుతున్న అసెన్షన్ అనే కాథలిక్ సంస్థ తన రోగుల రికార్డులను గూగుల్ కంపెనీ కంప్యూటర్లకు తరలిస్తున్నదని దాని సారాంశం. ఆ పథకానికి పెట్టుకున్న పేరు ప్రాజెక్ట్ నైటింగేల్. వాటిలో రోగుల పేర్లు, పుట్టిన తేదీలు, రక్తపరీక్షల ఫలితాలు, రోగ నిర్ధారణలు అన్నీ ఉన్నాయి. మొత్తం 5 కోట్ల మంది దాకా రికార్డులని పత్రికలు రాశాయి. ఈ సంగతి రోగులకు గాని, వారికి వైద్యం చేస్తున్న డాక్టర్లకు గాని ముందుగా చెప్పలేదు. ఫెడరల్ ఆరోగ్యశాఖ విచారణ మొదలుపెట్టింది. ఇదంతా చట్టబద్ధమేననీ, ఆ సమాచారాన్ని తమ ఇతర వ్యాపారంలో కలపబోమనీ గూగుల్ సమాధానమిచ్చింది.

“చట్టబద్ధం” అన్న మాట విని చాలామంది ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యానికి కారణం హిపా చట్టం గురించి మనకున్న అపోహ. 1996లో వచ్చిన ఈ చట్టం పొడి పేరులోని “పి” అనే అక్షరం ప్రైవసీని సూచిస్తుందని అనుకుంటాము. కాదు, అది పోర్టబిలిటీ. ఉద్యోగం మారినా ఇన్సూరెన్సు పోకుండా చూడటం ఆ చట్టానికి మొదటి లక్ష్యం. గోప్యతా నియమాలు దానికి అనుబంధంగా తయారై 2003 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చాయి. ఆ నియమాల ప్రకారం చికిత్స కోసం, బిల్లుల వసూలు కోసం, ఆసుపత్రి నిర్వహణ కోసం రికార్డును వాడుకోవడానికి రోగి అనుమతి అవసరం లేదు. ఆ పనులకు బయటి కంపెనీ సాయం కావలసివస్తే ఒక ఒప్పందం రాసుకుని రికార్డులు అప్పగించవచ్చు. బిల్లులు వేసే చిన్న కంపెనీని దృష్టిలో ఉంచుకుని తెరచిన ఈ కిటికీ గుండా ఏనుగు కూడా పడుతుందని ఆనాడు ఎందరు ఊహించారో!

పేర్లు ఉన్న రికార్డుల సంగతి ఇది. పేర్లు చెరిపేసిన రికార్డులకైతే హిపా వర్తించనే వర్తించదు. చెరపవలసినవి పేరు, ఫోను నంబరు, సంవత్సరం తప్ప మిగిలిన తేదీలు మొదలైన 18 రకాలని నియమం చెబుతోంది. నిపుణుని చేత ప్రమాదం స్వల్పమని ధ్రువీకరింపజేసుకోవడం రెండవ పద్ధతి. పేరు చెరిపితే మనిషి దొరకడా? రసాయన శాస్త్రజ్ఞుడిగా నాకు ఈ ప్రశ్న చిరపరిచితం. ప్రయోగశాలలో లేబుల్ ఊడిపోయిన సీసా దొరికితే మేము చేసే పని ఇదే.

తెల్లని పొడి ఒకటి ఉన్నదనుకుందాం. అది 122 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరిగింది. బెంజోయిక్ ఆమ్లం అక్కడ కరుగుతుంది, 2-నాఫ్తాల్ కూడా దాదాపు అక్కడే కరుగుతుంది. కనుక ద్రవీభవన స్థానం ఒక్కటే సాక్ష్యంగా చాలదు. అణుభారం కొలిస్తే మొదటిదానికి 122, రెండవదానికి 144 వస్తుంది. రెండు కొలతలు కలిపేసరికి అనుమానితుల జాబితా బాగా కుదించుకుపోతుంది, వర్ణపటం కూడా తీస్తే ఒక్క పేరే మిగులుతుంది. ఏ కొలతా దానంతట అది పేరు చెప్పదు, అన్నీ కలిస్తే చెబుతాయి.

మనిషికీ ఇదే లెక్క. అమెరికాలో ఒక జిప్ కోడులో సగటున పదివేల మంది ఉంటారు. ఏడాదికి 365 రోజులు, 80 ఏళ్ళ వయోపరిమితి, స్త్రీ పురుష భేదం, ఈ మూడింటినీ గుణిస్తే 58,400 గళ్ళు వస్తాయి. పదివేల మందిని అన్ని గళ్ళలో సర్దితే చాలా గళ్ళు ఖాళీగా ఉంటాయి. మనిషి ఉన్న గడిలో సాధారణంగా ఒక్కడే ఉంటాడు. 1990 జనాభా లెక్కల ఆధారంగా లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు చేసిన అంచనా ప్రకారం, అమెరికా జనాభాలో 87 శాతం మందిని జిప్ కోడు, పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్న మూడు వివరాలతోనే విడిగా గుర్తించవచ్చు. ఆమె ఈ సంగతిని ప్రత్యక్షంగా కూడా నిరూపించింది. మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల వైద్య రికార్డులను పేర్లు తీసివేసి పరిశోధకులకు ఇచ్చేవారు. ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ 1996 మేలో ఒక స్నాతకోత్సవ సభలో సొమ్మసిల్లి పడిపోయిన వార్త అందరికీ తెలుసు. అప్పుడు ఎం.ఐ.టి.లో విద్యార్థిని అయిన స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి ఊరి ఓటర్ల జాబితా కొన్నది. ఆ జాబితాలో గవర్నరు పుట్టిన తేదీ గలవారు ఆరుగురు, వారిలో మగవారు ముగ్గురు, ఆయన జిప్ కోడులో ఉన్నది ఒక్కరు. దానితో ఆయన వైద్య రికార్డు బయటపడింది.

(మన తరంలో చాలామందికి అసలు పుట్టినరోజు ఒకటి, బడిలో రాయించినది మరొకటి. దీనివల్ల మనకు రక్షణ ఉంటుందని ఎవరూ సంతోషించనక్కరలేదు. ఓటరు జాబితాలోనూ, ఆసుపత్రిలోనూ ఉన్నది ఆ బడి తేదీయే!)

2019 జూన్‌లో షికాగో విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం మీదా, గూగుల్ మీదా ఒక రోగి దావా వేశారు. పరిశోధన కోసం ఇచ్చిన రికార్డులలో పేర్లు లేవు గాని, రోగి వచ్చిన తేదీలు, డాక్టర్లు రాసుకున్న వివరణలు ఉన్నాయి. ఏ ఫోను ఏనాడు ఏ ఆసుపత్రి ఆవరణలో ఉన్నదో తెలిసే అవకాశమున్న కంపెనీకి ఆ తేదీలు చాలునని వాది వాదన. కంపెనీ అలా చేసిందని ఎవరూ చూపలేదు. తనకు వాస్తవంగా జరిగిన నష్టమేదో వాది చూపలేకపోయారంటూ 2023లో అప్పీలు కోర్టు కూడా దావాను అంగీకరించలేదు. నష్టం జరిగినట్లు మనకు ఎలా తెలుస్తుంది అన్న చిక్కు మాత్రం అలాగే మిగిలింది.

న్యాయం చెప్పాలంటే, ఆసుపత్రి తన రికార్డులను తన దగ్గరే ఉంచుకున్నంత మాత్రాన అవి భద్రమనుకోవడానికీ లేదు. 2024 మేలో అదే అసెన్షన్ సంస్థ కంప్యూటర్లపై దొంగలు దాడి చేశారు. సుమారు 56 లక్షల మంది సమాచారం ప్రమాదంలో పడింది.

జన్యుపరీక్షల దగ్గర విషయం ఇంకా జటిలమవుతుంది. ఉమ్మి నింపిన గొట్టాన్ని పోస్టులో పంపి పూర్వీకుల వివరాలు తెప్పించుకునే సరదా మన పిల్లలలోనూ ఉంది. అటువంటి కంపెనీ ఆసుపత్రి కాదు గనుక సాధారణంగా హిపా దానికి వర్తించదు. 2023లో 23అండ్‌మీ కంపెనీలో దొంగలు నేరుగా చొరబడినది సుమారు 14 వేల ఖాతాలలోకి. కాని బంధువులను వెదికిపెట్టే సదుపాయం ద్వారా దాదాపు 69 లక్షల మంది సమాచారం వారికి చిక్కింది. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరింది. డెట్రాయిట్‌లో కుర్రవాడు ఉమ్మి పంపితే, గుంటూరులోని అతని మేనత్తకు వచ్చే జబ్బు సూచన కూడా అందులో ఉండవచ్చు. ఆమెనెవరూ అడగలేదు. 2008 నాటి ఫెడరల్ చట్టం జన్యు సమాచారాన్ని ఆరోగ్య ఇన్సూరెన్సులోనూ, ఉద్యోగాలలోనూ వాడరాదన్నది గాని జీవితబీమాను వదిలివేసింది.

మనవాళ్ళకు ఈ విషయంలో ఒక చిత్రమైన స్థానం ఉంది. ఒకే ఇంట్లో అన్న ఆసుపత్రిలో డాక్టరు, తమ్ముడు ఆసుపత్రుల డేటా మలిచే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, చూడవచ్చిన అమ్మ రోగి. చిన్న ఊళ్ళో తెలుగు కుటుంబాలు రెండో మూడో ఉంటే, పేరు లేని రికార్డు కూడా ఎవరిదో చెప్పడం కష్టం కాదు. మానసిక వ్యాధికి మందు వాడుతున్నారన్న సంగతి సంబంధాలు చూసేచోట తెలిస్తే ఏమవుతుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ భయంతో వైద్యానికే వెళ్ళకుండా ఉండిపోయినవారు నాకు తెలుసు.

కిందటి సంవత్సరం మా అమ్మను ఒక క్లినిక్కుకు తీసుకువెళ్ళాను. గోప్యతా ప్రకటన చదివానంటూ తెర మీద సంతకం చేయమన్నారు. ఆ ప్రకటన ఏదీ అని అడిగితే, బల్ల సొరుగులన్నీ వెదికి, పది నిమిషాల తరువాత ఒక ప్రతి తెచ్చి ఇచ్చారు. ఏడు పేజీలు చదివాను. మన రికార్డు ప్రతిని కోరితే సాధారణంగా 30 రోజులలో ఇవ్వాలి. పూర్తి ఖర్చు మన జేబునుండి చెల్లించిన చికిత్స సంగతి ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పవద్దని కోరితే వినాలి. గడచిన ఆరేళ్ళలో మన సమాచారం ఎవరికిచ్చారో జాబితా కూడా అడగవచ్చు. ఆ జాబితా కోసం అమ్మ చేత అర్జీ పెట్టించాను. చికిత్స, బిల్లులు, నిర్వహణ కోసం ఇచ్చినవాటిని అందులో చూపనక్కరలేదని నియమం. నెల తరువాత వచ్చిన ఉత్తరంలో ఒక్క పేరు కూడా లేదు.