గాజుతొట్టిలోని పగడములకు నాచు బెడద



ఉప్పునీటి గాజుతొట్టిలో సజీవమైన పగడములను పెంచు వేడుక అమెరికా, ఐరోపాలయందు బాగుగ వ్యాపించి, కొంతవఱకు మన దేశమునకును వచ్చినది. తొట్టిని కొనితెచ్చువారెవరైనను, మేత వేయు బిడ్డలను కనిపెట్టుటయు, నీటిని చూచుకొనుటయు తఱచుగ గృహిణి వంతగుచుండును. కొన్ని నెలలు గడచునప్పటికి రాళ్ళపై పచ్చని వెండ్రుకలవంటి నాచు పెరిగి, వెలుతురు సోకనీయక పగడములను క్రమ్మివేయును. వెంటనే అంగడికేగి మందు తెచ్చి పోయుట పలువురు చేయు పని. అంతకు ముందు ఆ నాచునకు అన్నము పెట్టినదెవరో విచారింపవలయును.

నాచు జాతియంతయు పగడమునకు శత్రువు గాదు. పగడపు జీవి దేహములోపలనే కంటికి గానరాని సూక్ష్మమైన నాచు కాపురముండి, వెలుతురు సాయమున ఆహారము సిద్ధపఱచి దానికి పెట్టుచున్నది. లోపలనున్నది చుట్టము, వెలుపల మితిమీరి పెరుగునది శత్రువు. చేపలు తినక విడిచిన మేతయు, వాని మలమును క్రుళ్ళగా నైట్రేటు, ఫాస్ఫేటు అను పదార్థములు నీటిలో చేరును. పైరునకు ఎరువెట్టిదో నాచునకు అవి యట్టివి. కుళాయి నీటిలో సైతము అవి యుండవచ్చును.

ఎరువు హెచ్చుట యొక్కటియే కాదు, మేయువారు లేకుండుటయు నాచునకు బలమే. ఇందుకు జమెయికా దీవి సముద్రము సాక్షి. అచ్చట చేపలను మితిమీరి పట్టుటచే నాచును మేయు చేపలు తగ్గియుండెను. 1980లో గొప్ప తుపాను పగడపు దిబ్బలను విఱుగగొట్టెను. 1983లో పనామా తీరమున మొదలై కరీబియను సముద్రమంతట ప్రాకిన తెగులుచే, నాచును మేయు నల్లని ముండ్ల సీ అర్చినులు నూటికి 90కి పైగా నశించెను. 1977లో ఆ దిబ్బలపై నూటికి 52 పాళ్ళున్న పగడములు 1993 నాటికి 3 పాళ్ళయ్యెను. నాచు 4 పాళ్ళనుండి 92 పాళ్ళకు పెరిగెను. మహాసముద్రమునకే యట్లు జరిగినపుడు చిన్న తొట్టి యెంత?

కావున చేయదగిన పనులివి. చేపలు రెండు మూడు నిమిషములలో తినివేయునంత మేత మాత్రమే వేయుడు. గడ్డకట్టిన మేతను కరగించి, ఆ నీటిని పాఱబోసి, మేతను కడిగి వేయుడు. కుళాయి నీటిని మాని, ఆర్.ఓ. యంత్రమున వడగట్టి పిదప డీఅయొనైజరులో శుద్ధిచేసిన నీటియందే సముద్రపుటుప్పును కలుపుడు. వారమునకొకసారి పదియవ వంతు నీటిని మార్చుడు. ఎదిగిన నాచును చేతితో పెఱికి వెలుపల పాఱవేయుడు. తొట్టిలోనే విడిచినచో క్రుళ్ళి మరల ఎరువగును. ట్రోకస్, టర్బో జాతుల నత్తలు నాచును చక్కగ మేయును. ప్రక్కనొక చిన్న తొట్టిలో దీపముంచి కీటోమోర్ఫా అను నాచును పెంచి, అప్పుడప్పుడు కోసివేయుట మంచి యుపాయము. ముల్లును ముల్లుతో తీసినట్లు, అది ఎరువును తాను గ్రహించి చెడు నాచును పస్తు పెట్టును.

అయినను ఎరువును సున్న చేయబూనరాదు. పగడమునకును అది కొంత కావలయును. పైగా నైట్రేటు, ఫాస్ఫేటు బొత్తిగ లేని తొట్టిలో డైనోఫ్లాజెలేటులను జిగురువంటి గోధుమరంగు పొర తఱచుగ పుట్టును. దానిని తొలగించుట నాచును తొలగించుటకంటె కష్టము. క్రొత్త తొట్టిలో తొలుత కనబడు గోధుమరంగు పొడివంటి పొర మాత్రము వేఱు. అది సామాన్యముగ కొన్ని వారములలో తనంత తానే పోవును. దానికై కంగారుపడి మందు పోయనక్కఱలేదు.

ఇంకొక మాట. మన సముద్రములనుండి పగడములను పెఱికి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. కావున పగడమును కొనుటకు ముందే అది యెక్కడనుండి వచ్చినదో, దానికి తగిన యనుమతి కలదో లేదో అడిగి తెలిసికొనుడు. తెచ్చిన పిమ్మట దానిని బ్రదికించుట మన విధి. దానికి మందు సీసాకంటె, మేత వేయు చేతిలోని మితమే ముఖ్యమని బిడ్డలకు నేర్పుడు.