చిన్న ప్రాణికి ఆపరేషన్ – ఇంట్లో పథ్యం, పరిచర్య

వేలూరు పేరు చెప్పగానే మన తెలుగువారికి ముందు గుర్తుకు వచ్చేది ఆస్పత్రి. చిత్తూరు, కడప, నెల్లూరు, అనంతపురం జిల్లాల్లో పెద్ద జబ్బు ఏది వచ్చినా "వేలూరు తీసుకుపోండి" అనే మాట ఎన్నో ఇళ్ళల్లో వినబడుతుంది. 1900లో డాక్టర్ ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల 1902 నాటికి ఆస్పత్రి అయింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల వెలిసింది. ఆ కళాశాల ఆవరణే ఇప్పుడు మా బాగాయంలో ఉన్నది. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే కాబట్టి, ఇక్కడ మన భాష వినబడటంలో వింతేమీ లేదు. వేలూరు నుంచి గుడియాత్తం దాకా ఏ వీధిలోనైనా తెలుగు మాట్లాడే ఇల్లు ఒకటి తగులుతుంది.

ఇంతకాలం ఆస్పత్రి పక్కన బతికినందువల్ల ఈ ఊరివారికి ఒక విద్య అబ్బింది. అది ఆపరేషన్ అయిన మనిషిని చూసుకోవడం. ఎప్పుడు గంజి ఇవ్వాలి, ఎప్పుడు లేపి నడిపించాలి, కుట్లు తడవకుండా ఒళ్ళు ఎలా తుడవాలి అన్నది లాడ్జీలో దిగిన కొత్తవారికి పక్క గదివారే నేర్పుతారు. అయితే ఆపరేషన్ అయినది అరచేతిలో పట్టేటంత జంతువైతే ఏం చేయాలి? ఈ ప్రశ్న మా ఇంటికి వచ్చింది. నేను కామర్సు చదివి బ్యాంకులో పని చేస్తున్నవాణ్ణి, వైద్యుణ్ణి కాను. పశువైద్యులు చెప్పినవి, చదివి తెలుసుకున్నవి, ఇంట్లో చేసి చూసినవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

ఏమిటీ గినీ పిగ్?

పేరులో పంది ఉన్నా ఇది పంది కాదు. ఎలుక, ఉడుతల కోవకు చెందిన శాకాహారి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో వేల ఏళ్ళ క్రితమే మనుషులు దీన్ని మచ్చిక చేసుకున్నారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వారి వెంట ఐరోపాకు చేరింది. పెద్దదైతే ముప్పాతిక కిలో నుంచి కిలో పైచిలుకు తూగుతుంది. బాగా చూసుకుంటే అయిదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది. అరవదు, కరవడం అరుదు. సంచి గలగలమంటే ఆకు వస్తున్నదని తెలిసి కీచుమంటూ పిలుస్తుంది. అపార్టుమెంట్లలో ఉండే మన పిల్లలకు ఇది నచ్చడానికి కారణం అదే.

ఈ జంతువుకు మనం బాకీ ఉన్నాం కూడా. 1882లో రాబర్ట్ కాక్ క్షయకు కారణం ఒక సూక్ష్మజీవి అని నిరూపించిన ప్రయోగాల్లో ఇవి ఉన్నాయి. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు, ధాన్యం మాత్రమే తిన్న గినీ పిగ్‌లకు మనుషులకు వచ్చినట్టే స్కర్వీ వ్యాధి వస్తున్నదని గమనించారు. విటమిన్ సి కథకు అది గట్టి పునాది. మనలాగే ఈ జంతువు కూడా ఆ విటమిన్‌ను ఒంట్లో తయారు చేసుకోలేదు. ఈ సంగతి మన పథ్యానికి కూడా పనికి వస్తుంది కనుక గుర్తు పెట్టుకోండి.

మా ఇంటి సంగతి

మా చిన్నమ్మాయి పెంచుకునే బుజ్జి ఆడ గినీ పిగ్, వయసు నాలుగేళ్ళు. ఒకనాడు మూత్రం పోసేటప్పుడు కీచుమని ఏడ్చింది. వేసిన గుడ్డ మీద ఎర్రటి మరక కనబడింది. ఎక్స్‌రే తీస్తే మూత్రాశయంలో రాయి. వీటికి కాల్షియం రాళ్ళు ఏర్పడటం మామూలే. ఎక్స్‌రేలో అవి తెల్లగా స్పష్టంగా కనబడతాయి. పెద్ద రాయి మందుతో కరగదు, కోసి తీయాల్సిందే అన్నారు. మత్తు ఇవ్వడంలో కుక్కకు, పిల్లికి కంటే వీటికి ప్రమాదం ఎక్కువని కూడా దాచకుండా చెప్పారు.

ఇక్కడ ఒక లెక్క వచ్చింది. జంతువు ఖరీదు వందల్లో, ఆపరేషన్ ఖర్చు వేలల్లో. "ఆ డబ్బుతో ఇలాంటివి పది కొనొచ్చు గదండీ" అన్నారు తెలిసినవారు. ఆస్తిపుస్తకం ప్రకారం వారు చెప్పింది సరైనదే. కానీ మా అమ్మాయి ఒక్క మాట అడిగింది: "నాన్నా, ఇది మనల్ని నమ్ముకుని ఉంది కదా, మనం కాకపోతే ఇంకెవరు చూస్తారు?" దానికి నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ మాత్రం "ప్రాణం ప్రాణమేరా నాయనా, పిల్ల చేత చేయించు, చేయడం నేర్చుకుంటుంది" అన్నది. ఆపరేషన్ జరిగింది. రాయి బయటికి వచ్చింది. అసలు పని అక్కడే మొదలైంది.

మొదటి రోజు: వెచ్చదనం, తిండి

మనిషికి ఆపరేషన్ ముందు కడుపు ఖాళీ పెడతారు. గినీ పిగ్‌కు అలా కాదు. ఇది వాంతి చేసుకోలేదు, దీని పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. పస్తు పెడితే పేగు నిలిచిపోతుంది, గ్యాస్ పడుతుంది, అదే ప్రాణాంతకం అవుతుంది. చాలా సార్లు కోత కంటే తినకపోవడమే వీటిని తీసుకుపోతుంది. అందువల్ల ఇంటికి తెచ్చిన వెంటనే ముందు పెట్టవలసినవి గడ్డి, నీళ్ళు.

మత్తు వల్ల ఒళ్ళు చల్లబడుతుంది. మొదటి కొన్ని గంటలు గోరువెచ్చని నీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కన పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉంచితే, వేడి ఎక్కువైనప్పుడు అదే జరుగుతుంది. తెలివి పూర్తిగా వచ్చాక సీసా తీసేయవచ్చు. మన వేలూరు ఎండలో ఆ తరువాతి సమస్య దానికి తలకిందులు. ముప్పై డిగ్రీలు దాటితేనే వీటికి కష్టం. ఇక కర్తరి రోజుల్లో చెప్పనక్కరలేదు. నేల మీద, గాలి ఆడే చల్లని గదిలో ఉంచాలి. ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు.

కింద రంపపు పొట్టు వేయవద్దు, కుట్లకు అంటుకుంటుంది. ఉతికిన మెత్తటి తువ్వాలు గానీ పాత నూలు చీర గానీ పరిచి, తడిసినప్పుడల్లా మార్చాలి. గుడియాత్తం లుంగీ పాతది ఒకటి నాలుగు ముక్కలు చేస్తే సరిగ్గా సరిపోయింది మాకు.

సిరంజితో తినిపించడం

తనంతట తాను తినకపోతే మనం తినిపించాలి. దీనికోసం గడ్డిపొడితో చేసిన ప్రత్యేక ఆహారం దొరుకుతుంది. అది అందనప్పుడు గినీ పిగ్ గుళికలను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తగా చిదిపి, వడగట్టి, సూది లేని సిరంజిలోకి ఎక్కించవచ్చు. జంతువును వెల్లకిలా పడుకోబెట్టకూడదు, పొర పోతుంది. ఒళ్ళో తువ్వాలులో చుట్టి కూర్చోబెట్టుకుని, ముందు పళ్ళకు వెనుక దవడ పక్కగా ఉన్న ఖాళీలోంచి సిరంజి కొనను పెట్టాలి. ఒక్కొక్క చుక్కగా ఇచ్చి, నమిలి మింగిన తరువాతే రెండో చుక్క.

కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీలీటర్లు అన్నది ఒక అంచనా. దాన్ని నాలుగైదు విడతలుగా, రాత్రి ఒక విడతతో సహా, పంచుకోవాలి. అసలు కొలత మాత్రం మీ డాక్టరుగారు చెప్పిందే. రాత్రి రెండు గంటల విడతకు మా అమ్మాయి అలారం పెట్టుకుని లేచేది. నేను లైటు పట్టుకునేవాణ్ణి.

మన ఇళ్ళల్లో జబ్బు చేసినవారికి పెరుగన్నం పెట్టడం అలవాటు. దీనికి పెరుగు, పాలు, అన్నం ఏవీ పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప అసలే వద్దు. క్యాబేజీ గ్యాస్ పట్టిస్తుంది. శుభ్రమైన చోట కోసి కడిగిన గరిక, ఎండుగడ్డి, కొత్తిమీర, బెంగుళూరు మిరప మంచివి. ఈ చివరిదాన్ని ఇక్కడి దుకాణాల్లో కుడమిళగాయ్ అని అడగండి. గింజలు తీసి ఒక ముక్క ఇస్తే విటమిన్ సి కూడా దొరుకుతుంది. అప్పుడప్పుడు వేలెడంత జామ ముక్క సరిపోతుంది. రాళ్ళు వచ్చినవాటికి పాలకూర తగ్గించాలి. నీళ్ళు బాగా తాగేటట్టు, ఆకులు కడిగిన తడితోనే పెట్టండి. రాళ్ళు మళ్ళీ రావడం కద్దు కనుక ఈ జాగ్రత్త కుట్లు మానినంత మాత్రాన ఆగకూడదు.

మందుల విషయంలో

ఇది అన్నిటికంటే ముఖ్యం. మన ఇంటి మందుల డబ్బాలోది ఏదీ దీనికి వేయకండి. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ లాంటి మామూలు మందులే దీని పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీయగలవు. నొప్పికి, చీముకు ఏ మందు, ఎన్ని చుక్కలు అన్నది పశువైద్యులే చెప్పాలి. వారు ఇచ్చిన నొప్పి మందును మాత్రం "ఆడుకుంటోంది కదా" అని మధ్యలో ఆపవద్దు. నొప్పి ఉన్న గినీ పిగ్ తినదు.

నొప్పిని ఇది దాచుకుంటుంది. అడవిలో బలహీనత చూపిన జంతువును వేటాడేవి ముందు పట్టుకుంటాయి గనుక ఆ అలవాటు. మూలన ముడుచుకు కూర్చోవడం, వెంట్రుకలు ఉబ్బి ఉండటం, కళ్ళు సగం మూయడం, పళ్ళు నూరడం నొప్పి గుర్తులు. కుట్లను రోజుకు రెండుసార్లు చూడండి. కాస్త వాపు సహజం. చీము, దుర్వాసన, పెరిగే ఎరుపు, విడిపోయిన కుట్టు కనబడితే వెంటనే డాక్టరు దగ్గరకు. పసుపు గానీ కొబ్బరినూనె గానీ రాయవద్దు, స్నానం చేయించవద్దు. మెడకు గరాటు కట్టడం కూడా వీటికి సాధారణంగా పనికిరాదు. ఇవి తమ మెత్తని పెంటికలను తామే తిని పోషకాలు తిరిగి తీసుకుంటాయి, గరాటు దానికి అడ్డం.

తోడుగా మరొక గినీ పిగ్ ఉంటే పూర్తిగా వేరు చేయకండి. మధ్యలో జల్లెడ అడ్డుపెట్టి, ఒకదానికొకటి కనబడేటట్టు ఉంచితే బెంగ పెట్టుకోదు.

ఒక చిన్న ఖాతా

నా వృత్తి నాకు పనికి వచ్చింది ఇక్కడే. ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి తేదీ, వేళ, బరువు, తినిపించిన మిల్లీలీటర్లు, మందు, పెంటికలు, మూత్రం అని కాలమ్స్ వేశాం. వంటింటి తూకం మీద డబ్బా పెట్టి, రోజూ ఒకే వేళకు తూచాం. ఆపరేషన్ నాడు బుజ్జి 910 గ్రాములు. రెండో రోజు 872, మూడో రోజు 858. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కానీ లెక్క చూస్తే తగ్గింది నూటికి ఆరు లోపే. నూటికి పది, అంటే 819 దగ్గరికి వస్తే వెంటనే రమ్మన్నారు డాక్టరు. నాలుగో రోజు 860. ఆ రెండు గ్రాములు చూసి మా అమ్మాయి ముఖం వెలిగింది. అయిదో రోజు తనంతట తానే గరిక నమిలింది. పన్నెండో రోజుకు 896.

కంటికి బాగున్నట్టే కనబడినా అంకె తగ్గుతూ ఉండవచ్చు. కంటికి నీరసంగా కనబడినా అంకె నిలబడి ఉండవచ్చు. భయం, ఆశ రెండూ మనల్ని తప్పుదారి పట్టించే సమయంలో రాసి పెట్టుకున్న అంకె ఒక్కటే నిజం చెబుతుంది. డాక్టరుకు ఫోనులో చెప్పడానికి కూడా అదే పనికి వచ్చింది. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగినా, మూత్రం రాకపోయినా తెల్లవారేదాకా ఆగకూడదు.

ముందుగా చేసుకోవలసింది

మన ఊళ్ళల్లో పశువైద్యశాలలు ఆవులు, గేదెలు, మేకలు, కుక్కల కోసం ఏర్పడ్డవి. చిన్న జంతువులకు మత్తిచ్చి కోసే అనుభవం అందరికీ ఉండదు, అది వారి లోపం కాదు. ఇటు చెన్నై వేపేరిలో 1903 నుంచి ఉన్న మద్రాసు పశువైద్య కళాశాల, అటు తిరుపతిలో 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల, రెండూ వేలూరు నుంచి కొద్ది గంటల దూరమే. జంతువుకు జబ్బు రాకముందే ఫోను చేసి, గినీ పిగ్‌ను ఎవరు చూస్తారు, ఏ రోజుల్లో చూస్తారు అని కనుక్కుని రాసి ఉంచుకోండి. దారిలో ఎండ తగలకుండా తెల్లవారుజామునే బయలుదేరండి.

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి చిన్న జంతువును పెంచుతుంటే, ఈ ఆదివారమే వారి చేత దాన్ని తూయించి, ఆ అంకెను ఒక పుస్తకంలో మొదటి పేజీలో రాయించండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి బరువు తెలిసి ఉంటేనే తగ్గింది ఎంతో తెలుస్తుంది. వారం వారం ఆ పని పిల్లలకే అప్పగించండి. రేపు ఇంట్లో తాతగారికో అమ్మమ్మగారికో మందులు వేళకు ఇవ్వవలసి వస్తే, ఆ చేతులకు అప్పటికే అలవాటు అయి ఉంటుంది.