స్పీకరు కాళ్లకు రబ్బరు చెప్పులు

● విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిచిన జలాంతర్గామి ఐఎన్‌ఎస్ కుర్సురా 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి తప్పుకుంది. 2002 నుంచి జనం లోపలికి వెళ్లి చూస్తున్నారు. ఏ జలాంతర్గామికైనా ప్రాణగండం తన చప్పుడే. లోపలి యంత్రాల అదురు పైకవచానికి పాకిందంటే నీళ్లలోకి దిగినట్టే. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కన్నా నాలుగింతలకు పైగా వేగం. అందుకే జలాంతర్గాముల్లో తిరిగే యంత్రాలను వీలైనంత వరకు రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెడతారు. హై-ఫై స్పీకర్ల కింద పెట్టే ఐసొలేషన్ ఫీట్‌ది కూడా ఇదే పని. పైనున్న అదురును కిందికి దిగనివ్వవు.

● ఆ 1969లోనే విశాఖలో నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ (ఎన్‌ఎస్‌టీఎల్) మొదలైంది. టార్పెడోలతో పాటు నౌకల శబ్దాన్నీ, అదురునూ తగ్గించే విద్య కూడా దాని పనుల్లో ఉంది. స్పీకరు ఫీట్ గురించి ఎక్కడో విదేశీ ముచ్చటలా మాట్లాడుకుంటాం కానీ, దాని వెనకున్న శాస్త్రం విశాఖ ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరే రోజూ నడుస్తోంది.

● ఉక్కు కర్మాగారాల్లో ముడిసరుకును జల్లించే పెద్ద జల్లెడలు స్ప్రింగుల మీద నిలబడతాయి. జల్లెడ ఊగాలి, దాన్ని మోసే కట్టడం ఊగకూడదు. ఉక్కు స్ప్రింగుకు ఒక లోటుంది. ఒకసారి కదిలితే తనంతట తాను త్వరగా ఆగదు. రబ్బరు ఆ కదలికను కొంత వేడిగా మార్చి మింగేస్తుంది. స్పీకర్ల కోసం అమ్మే స్ప్రింగు ఫీట్‌లో చాలావాటికి రబ్బరునో మరో పదార్థాన్నో జతచేసేది ఇందుకే.

● వూఫర్ కోన్ ముందుకు తోసుకుంటే పెట్టె వెనక్కి తంతుంది. న్యూటన్ మూడో సూత్రం. ఎంత తంతుంది? కోన్ బరువు 30 గ్రాములు, పెట్టె 20 కిలోలు అనుకుందాం. కోన్ 5 మిల్లీమీటర్లు కదిలితే, స్వేచ్ఛగా తేలే పెట్టె వెనక్కి జరిగేది ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఏడెనిమిది వంతులు. తల వెంట్రుక మందంలో పదో వంతు! మెత్తటి ఫీట్ మీద పెడితే స్పీకరు ఊగి పాట మసకబారుతుందని భయపడేవారికి ఈ లెక్కే జవాబు.

● మరి ఇంత చిన్న కదలికతో గొడవేమిటి? గొడవ పెట్టెతో కాదు, పెట్టె కిందున్నదానితో. పల్చటి చెక్కతో చేసిన టీవీ యూనిట్ మీద స్పీకరు పెట్టి, బేస్ గిటార్ ఉన్న పాట వేసి, యూనిట్ మీద అరచేయి ఆనించండి. కొన్ని స్వరాల దగ్గర పలక అరచేతిని గిలిపెడుతుంది, గాజు తలుపు జివ్వుమంటుంది, షెల్ఫులోని స్టీలు గ్లాసులు సన్నగా మోగుతాయి. ఆ పలక వైశాల్యం వూఫర్ కన్నా ఎన్నో రెట్లు. అంటే మీరు కొనని మూడో స్పీకరొకటి గదిలో పాడుతోందన్నమాట.

● ఫీట్ ఎంచుకునేటప్పుడు అందరూ మందం చూస్తారు. చూడాల్సింది బరువు మోపాక అది ఎంత నొక్కుకుందన్నది. 1 మిల్లీమీటరు నొక్కుకుంటే ఆ అమరిక సహజంగా ఊగే వేగం సెకనుకు సుమారు 16 సార్లు, అంటే 16 హెర్ట్జ్. 4 మిల్లీమీటర్లకు 8 హెర్ట్జ్, 10 మిల్లీమీటర్లకు 5 హెర్ట్జ్. ఈ అంకెకు 1.4 రెట్లు దాటాకే అదురు తగ్గడం మొదలవుతుంది. బేస్ గిటార్ అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్. 8 హెర్ట్జ్ ఫీట్ మీద ఆ స్వరపు అదురులో కిందికి దిగేది నూటికి నాలుగు వంతులు. 16 హెర్ట్జ్‌దైతే పద్దెనిమిది. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. బజారులో దొరికే గట్టి, పల్చటి రబ్బరు బిళ్ల స్పీకరు బరువుకు పదో వంతు మిల్లీమీటరే నొక్కుకుందనుకోండి, దాని అంకె 50 హెర్ట్జ్. సరిగ్గా బేస్ నడిమధ్య! అప్పుడు బిళ్ల అదురును ఆపకపోగా పెంచుతుంది. పైగా రబ్బరు కదలికలో ఉన్నప్పుడు మరికాస్త గట్టిపడుతుంది కనుక ఈ అంకెలకు కొంత పైనే లెక్కవేసుకోవాలి.

● కెనడా సంస్థ ఐసోఅకౌస్టిక్స్ తన గయా ఫీట్‌ను బరువును బట్టే మూడు సైజుల్లో చేసింది. నాలుగు ఫీట్ కలిసి మోసేది చిన్నదానికి 32 కిలోలు, మధ్యదానికి 54, పెద్దదానికి 100. వాటి మీది లోగో శ్రోత వైపు తిరిగి ఉండాలి, ముందు వెనకల ఊపును అదుపు చేసేలా లోపలి అమరిక ఉంటుంది. బరువైన స్పీకరుకు చిన్న ఫీట్ పెడితే అడుగంటుతుంది. తేలికైన స్పీకరుకు పెద్దవి పెట్టడం మరీ దండగ, అసలు నొక్కుకోవు. ఖరీదైనది కొంటే సరిపోతుందనుకోకండి.

● సార్బోథేన్ అనే జిగురు స్వభావపు పాలియురెథేన్‌కు మారిస్ హైల్స్ 1982లో పేటెంటు పొందారు. బూట్ల అట్టల్లోనూ వాడతారు, స్పీకర్ల కిందా వాడతారు.

● మొనదేలిన ఇనుప స్పైకులు అదురును ఆపవు. తివాచీని దాటి నేలను గట్టిగా పట్టుకోవడానికే అవి. తివాచీ లేని మన టైల్స్ మీద, పాలరాయి మీద వాటికి పనే లేదు, పైగా గీతలు పడతాయి.

● ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి ప్రపంచమంతటా పోతుంది. వంటగది గట్టుకు వాడగా మిగిలిన ముక్క 40 సెంటీమీటర్ల చదరం, 3 సెంటీమీటర్ల మందం ఉంటే 13 కిలోలకు పైగా తూగుతుంది. ఒక్క రాయే వేస్తే అదురు ఆగదు. ఆ అదనపు బరువును మోయగల మెత్తటి ఫీట్‌ను రాయి కింద పెడితే, బరువు పెరిగి అమరిక అంకె దిగివస్తుంది. తక్కువ ఖర్చులో ఇంతకన్నా మంచి ఉపాయం నాకు కనబడలేదు.

● 2001 భూకంపంలో కూలిన భుజ్ ఆసుపత్రి స్థానంలో లేచిన కొత్త భవనం సీసం, రబ్బరు కలిసిన బేరింగుల మీద నిలబడి ఉంది. అక్కడ నేల అదురు పైకి ఎక్కకూడదు, ఇక్కడ పైది కిందికి దిగకూడదు. సూత్రం ఒక్కటే.

● ఫీట్ మార్చగానే పాట మారిందనిపించడానికి మరో కారణం ఎత్తు. 4 సెంటీమీటర్లు లేచిన ట్వీటరు చెవికి తగిలే కోణం మారుతుంది. న్యాయంగా పోల్చాలంటే ఒకసారి అంతే ఎత్తు చెక్క దిమ్మెల మీద, మరోసారి ఫీట్ మీద పెట్టి, మార్చే పని వేరొకరికి అప్పగించి వినాలి. 12 అడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర వచ్చే హోరు గోడల మధ్య పుట్టేది, దాన్ని ఏ ఫీటూ తగ్గించలేదు. స్పీకరును, కుర్చీని జరపాల్సిందే.

● కొన్ని రబ్బర్లలోని నూనె పదార్థం కాలక్రమంలో ఊరి పాలరాతి మీద, పాలిష్ చెక్క మీద మరక వేస్తుంది. మధ్యలో పల్చటి ప్లాస్టిక్ ముక్క వేయండి. సముద్రపు గాలికి ఇనుప స్ప్రింగులు తుప్పు పడతాయి కనుక స్టెయిన్‌లెస్ అడిగి తీసుకోండి.

● నా తీర్పు ఇది. నేలమీదే పోసిన గట్టి కాంక్రీటు మీద నిలబడ్డ స్పీకరుకు ఫీట్ వల్ల వచ్చే తేడా తక్కువ. టీవీ యూనిట్ మీద, బీరువా మీద ఉన్నదానికి చాలా ఎక్కువ. అపార్ట్‌మెంట్ పై అంతస్తులో సబ్‌వూఫర్ వాడుతున్నవారు మాత్రం మొదటి ఫీట్ దాని కిందే పెట్టండి. కింది ఇంటివారి సీలింగు మీ స్లాబే కదా.