విమానపు టిక్కెట్టులోని లెక్క

కోనసీమనుండి గల్ఫు దేశములకు పనికై పోయినవారు అనేకులు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల విద్యార్థులకు విమానపు టిక్కెట్టు చూచుట కొత్త కాదు. దానిని శ్రద్ధగా చదివినచో ఒక వింత కనిపించును. హైదరాబాదులో ఉదయము 8 గంటలకు బయలుదేరిన విమానము 10.30కే కువైటు చేరును. అక్కడ 8 గంటలకు బయలుదేరినది మధ్యాహ్నము 2.45కు గాని ఇక్కడికి రాదు. పోవుటకు రెండున్నర గంటలు, వచ్చుటకు ఆరుముప్పావు! (ఈ వేళలు లెక్క సులువగుటకై తీసికొన్నవి, అసలు టిక్కెట్టులలో కొంచెము అటునిటుగా ఉండును.)

భూమి తూర్పునకు తిరుగుచున్నది గనుక, పడమరకు పోవు విమానమునకు కువైటే ఎదురు వచ్చునని కొందరందురు. ఇది సరికాదు. భూమితోపాటు వాయుమండలమును తిరుగుచున్నది. విమానము ఎగురునది ఆ గాలిలోనే. పరుగెత్తు రైలులో పైకెగిరిన బాలుడు మరల నిలిచిన చోటనే పడును గదా!

మొదటి కారణము గడియారము. టిక్కెట్టుపై ఏ ఊరి వేళ ఆ ఊరిదే. మన వేళ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును, కువైటు వేళ 45 డిగ్రీల రేఖాంశమును అనుసరించును. భేదము 37½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున రెండున్నర గంటలు. అక్కడ రాత్రి 9 గంటలకు పని ముగించి ఫోను చేసినచో రాజోలులో 11.30 అగును, ఇల్లు నిద్రించుచుండును. మన 82½ డిగ్రీల రేఖ కాకినాడ సమీపమున పోవును. అమలాపురమునకు అది అర డిగ్రీ దూరమే; కావున రేఖాంశమువలన అక్కడ వచ్చు తేడా 2 నిమిషములు మాత్రమే. ఈ సౌకర్యము దేశములో కొద్ది ఊళ్లకే గలదు.

గడియారపు భేదమును సవరించినచో పోవుటకు 5 గంటలు, వచ్చుటకు 4.15 గంటలు పట్టినట్లు తేలును. ఇంకను 45 నిమిషములు మిగిలినవి. ఇది గాలి పని. గోదావరిలో ఎదురెక్కు పడవకును, వాలున దిగు పడవకును గల తేడాయే ఇది. శీతకాలమున ఉత్తర భారతము, గల్ఫు ప్రాంతములపై, విమానములు ఎగురు ఎత్తున, పడమటినుండి బలమైన గాలి వీచును. దీనినే జెట్ ప్రవాహమందురు. నైరృతి ఋతుపవనములు వచ్చునప్పటికి ఇది హిమాలయములకు ఉత్తరముగా తొలగును. అప్పుడు తేడా తగ్గును.

గాలివేగమును తరగతిలోనే కట్టవచ్చును. గ్లోబుపై రెండు ఊళ్ల నడుమ దారము బిగించి లాగినచో అదియే కనిష్ఠ దూరము. భూకేంద్రము వద్ద ఆ దారము చేయు కోణము సుమారు 30⅓ డిగ్రీలు; డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున సుమారు 3,370 కిలోమీటర్లు. నేలపై నడుచుటకు, ఎక్కి దిగుటకు అరగంట తీసివేసినచో పోవునప్పటి వేగము గంటకు 750, వచ్చునప్పటిది 900 కిలోమీటర్లు. రెంటి సగటు 825 విమానపు సొంత వేగము. భేదములో సగము, 75, గాలి వేగము. నిజమునకు విమానము దారమువెంట కచ్చితముగా పోదు. నిర్ణయించిన మార్గములలో కొంత వంకరగా పోవును గనుక ఇది ఉజ్జాయింపు లెక్కయే.

పోవునప్పుడు గాలి హరించిన కాలము వచ్చునప్పుడు పూర్తిగా తిరిగి రాదు. గాలియే లేనిచో రానుపోను 8 గంటల 10 నిమిషములు పట్టవలెను, గాలితో 8.15 పట్టినది. ఎదురుగాలిలో విమానము ఎక్కువసేపు ఉండుటయే ఆ 5 నిమిషముల నష్టమునకు కారణము.