ఒకే గుడి.. పూటకో భాష

సరిహద్దు పట్టణాల సంఘాల్లో తెలుగు ఆరాధన నిలిచేనా?
అడ్వెంట్ నుంచి కోత పండుగ దాకా రానున్న కార్యక్రమాలు

ఆదివారం ఒక ఆరాధన ముగించుకుని బయటికొచ్చేవాళ్లు, తర్వాతి ఆరాధనకు లోపలికెళ్లేవాళ్లు గుమ్మం దగ్గర ఎదురుపడతారు. వందనాలు చెప్పుకుంటారు. లోపల పాటల పుస్తకాలు మారతాయి, గాయక బృందం మారుతుంది, ఒక్కోచోట అయ్యగారూ మారతారు. బల్ల అదే, గిన్నె అదే. సరిహద్దు జిల్లాల్లో రెండు మూడు భాషల వాళ్లు కలిసి వాడుకునే చర్చిల్లో ఇది ప్రతి వారం కనిపించేదే. అయితే తెలుగు ఆరాధనలో బల్లలు మునుపటిలా నిండడం లేదని పెద్దవాళ్ల బెంగ. వచ్చిన పిల్లల్లోనూ కీర్తన పాడేవాళ్లున్నారు గానీ పుస్తకం చూసి చదివేవాళ్లు తగ్గిపోయారు.

దక్షిణ ఇండియా సంఘం, మనం వాడుకగా సి.ఎస్.ఐ. అనేది, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చి నెలన్నర కూడా కాలేదు. బిషప్పుల పాలన ఉన్న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒక్కటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాల వాళ్లు ఒకే గొడుగు కిందికి వచ్చారు. బిషప్పు పదవిని అందరూ ఒప్పుకున్నారు. 2027 సెప్టెంబరు 27కి ఆ కలయికకు 80 ఏళ్లు నిండుతాయి. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం మాట్లాడే సంఘాలన్నీ అప్పుడు ఒక్కటయ్యాయి. భాషల వారీగా రాష్ట్రాల గీతలు గీసింది ఆ తర్వాతే.

ఆ గీతల సంగతి బళ్లారి వాళ్లకు చెప్పక్కర్లేదు. లండన్ మిషన్‌కు చెందిన జాన్ హ్యాండ్స్ 1810లోనే బళ్లారి వచ్చి పనిచేశారు. కన్నడ బైబిలు అనువాదానికి పూనుకున్నదీ ఆయనే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరు వైపు ఉండిపోయింది. చుట్టరికాలు మాత్రం గీత చూసుకుని ఆగలేదు. ఇప్పటికీ పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ అటూ ఇటూనే.

తమిళ బిషప్పు.. తెలుగు మంద

బయటి ఊరి భాషలో ఆరాధన చేయాల్సి రావడం చిన్నతనంగా భావించేవాళ్లు ఒకసారి డోర్నకల్ కథ గుర్తు చేసుకోవాలి. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విలైలో పుట్టారు. తమిళుడు. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో, తమ మనుషులతో ఒక మిషన్ సంఘం పెట్టుకుని, పనిచేయడానికి నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలను ఎంచుకున్నారు. 1909లో అజరయ్య డోర్నకల్ చేరారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. ఆ వయసులో తెలుగు దిద్దుకుని, కూలీనాలీ జనం మధ్య కూర్చుని వాళ్ల మాటలోనే బోధించారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసే దాకా డోర్నకల్‌నే అంటిపెట్టుకుని ఉన్నారు.

ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ చూస్తే ఆ మనిషి తీరు తెలుస్తుంది. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి, పైన సిలువ. పూర్తవడానికి పాతికేళ్ల దాకా పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆడవాళ్లు వంట బియ్యంలోంచి పూటకో పిడికెడు తీసి కుండలో వేసి, వారం చివర గుడికి తెచ్చే అలవాటు ఆ పల్లె సంఘాలది. జీతాలు, మరమ్మతులు అలా నడిచాయి. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఆ కుండ ఉంది, బియ్యం బదులు చిల్లర పడుతోంది.

మెదక్‌ది ఇంకో కథ. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టిన కట్టడం కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి కూలీ, తిండీ అయింది. 1924 డిసెంబరు 25న తలుపులు తెరిచారు. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండాయి. గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం కనిపిస్తాయి. వీటిని పగలే చూడాలి, వెలుతురు బయటి నుంచి పడితేనే బొమ్మలు కనిపిస్తాయి. క్రిస్మస్‌కు ఇక్కడికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వచ్చే జనంలో క్రైస్తవులు కానివాళ్లూ తక్కువేం కాదు.

చాందా నుంచి కటక్ దాకా

మహారాష్ట్ర, ఒడిశాల్లోని మనవాళ్లు సి.ఎస్.ఐ. కిందికి రారు. అక్కడ 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘం (సి.ఎన్.ఐ.) ఉంది. అదీ బిషప్పుల సంఘమే. చాందా, అంటే నేటి చంద్రపూర్, ఒకప్పుడు స్కాట్లాండు ఎపిస్కోపల్ సంఘం వారి మిషన్ క్షేత్రం. అక్కడ పనిచేసిన అలెగ్జాండర్ వుడ్ పాదిరిగారు తర్వాత నాగపూర్ బిషప్పు అయ్యారు. బల్లార్షా గనులు, కాగితం మిల్లు చుట్టూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆ ఊరి పేరు కొత్త కాదు.

ఇక ఒడిశా. మన కీర్తనల పుస్తకం తెరిస్తే ఎక్కువగా కనిపించే పేరు పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టి 1890 వరకు జీవించిన ఈ కవి 1833లో బాప్తిస్మం పొందింది కటక్‌లో. తెలుగు క్రైస్తవుల గొంతులో ఈనాటికీ మోగే పాటలు రాసిన మనిషి విశ్వాస జీవితం ఒడిశా గడ్డ మీద మొదలైందన్నమాట! అంతకంటే ముందు, 18వ శతాబ్దంలోనే, బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగు చేసింది మద్రాసులో. అది అప్పట్లో అచ్చుకు నోచుకోలేదు, అది వేరే విషయం. తెలుగు క్రైస్తవానికి వేళ్లు సరిహద్దుకు అవతల కూడా ఉన్నాయని చెప్పడానికే ఈ ప్రస్తావన.

చదవడం రాని కీర్తన

అసలు చిక్కు లిపితో. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. అమ్మమ్మకు రాగం తెలుసు, మనవడికి అక్షరం తెలియదు. కర్ణాటక వైపు ఈ కష్టం కొంత తక్కువే. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లలు కొద్ది రోజులు కూర్చుంటే తెలుగు అక్షరం పట్టేస్తారు. అంత ఓపిక లేనిచోట కీర్తనలను కన్నడ లిపిలో రాయించి జిరాక్సు తీసి పంచుతున్నారు.

తమిళనాడులో పరిస్థితి వేరు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా వెళ్లింది. తెలుగు మాధ్యమం బడులకు, మొదటి భాషగా తెలుగు తీసుకునే పిల్లలకు దెబ్బ తగిలింది. పైగా తమిళ లిపిలో క, గ, ఖ, ఘలకు ఒకటే అక్షరం. తెలుగు కీర్తనను ఆ లిపిలో రాస్తే పదం పలుకుబడి చెడుతుంది. అందుకే అటువైపు ఇళ్లలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. ఒడిశాలోనూ ఇంచుమించు ఇదే బాధ.

ఇది పాటతో ఆగే విషయం కాదు. కన్ఫర్మేషన్ ఉంది. బిషప్పుగారు వచ్చి తల మీద చేతులుంచి ప్రార్థించేది అప్పుడే, ఆ తర్వాతే పిల్లలు ప్రభు భోజనానికి వెళ్లడం ఆనవాయితీ. దానికి ముందు తరగతులు నడుస్తాయి. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు అప్పజెప్పాలి. ఏ భాషలో? తెలుగులో చెబుతామని ముందుకొచ్చే పిల్లలు లేకపోతే తెలుగు తరగతి ఆగిపోతుంది. తరగతి ఆగితే పదేళ్లలో తెలుగు ఆరాధనకు సంఘ పెద్దలు దొరకరు. డయాసిస్‌లో అధికభాగం కన్నడమో తమిళమో అయినప్పుడు, తెలుగు చదవగల గురువును వేయమని అడగడానికి కూడా పట్టికలో పేర్లు ఉండాలి కదా. ఆరాధన రద్దు చేశారని ఎవరినో నిందించే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

అలాగని పక్క భాష ఆరాధనకు వెళితే ఏదో పోయినట్టూ కాదు. సి.ఎస్.ఐ.కి ఏటా అచ్చయ్యే పంచాంగం ఒకటుంది. ఏ ఆదివారానికి ఏ అంశం, ఏ వాక్య భాగాలు అన్నది అందులో ఉంటుంది, డయాసిస్‌లన్నిటికీ ఒకటే. వేలూరులో తమిళంలో చదివే భాగాన్నే ఖమ్మంలో తెలుగులో చదువుతారు. ఆరాధన క్రమం కూడా అంతే. పాప ఒప్పుకోలు ఎక్కడ, సమాధానం చెబుతూ చేతులు కలిపేది ఎక్కడ, ఎప్పుడు లేవాలి, ఎప్పుడు మోకరించాలి అన్నీ ఒకే వరుస. తెలుగు బైబిలు ఒళ్లో పెట్టుకుని తమిళ ఆరాధనలో కూర్చునే ముసలమ్మలు అందుకే ఇబ్బంది పడరు.

కె.జి.ఎఫ్.లో భాషతో పాటు బతుకుతెరువు సమస్యా ఉంది. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక గని మీద బతికిన తమిళ, తెలుగు కుటుంబాల్లోని పడుచువాళ్లు రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్లొస్తున్నారు. వాళ్లకు దొరికేది ఆదివారం ఒక్కటే. ఆరాధన, యువజన సమావేశం, స్త్రీల మైత్రి, కమిటీ అన్నీ ఆ పూటలోనే ఇరికించుకోవాలి.

వచ్చే నెలల్లో..

సంఘ సంవత్సరం అడ్వెంట్‌తో మొదలవుతుంది. నవంబరు 27, డిసెంబరు 3 మధ్య వచ్చే ఆదివారమే అడ్వెంట్ మొదటి ఆదివారం. అక్కడి నుంచి క్యారల్స్ హడావిడి. సరిహద్దు ఊళ్లలో క్యారల్ బృందాలు ఇంటి భాషను బట్టి పాట మారుస్తాయి. ఈ ఒక్క నెలా పిల్లలు తెలుగు పాట నేర్చుకోవడానికి తామై వస్తారు. సండే స్కూలు టీచర్లు ఈ అవకాశం వదులుకోకూడదు. క్రిస్మస్ తర్వాత జనవరి 6న ఎపిఫనీ, డోర్నకల్ కెథెడ్రల్‌కు ప్రతిష్ఠ పండుగ కూడా అదే రోజు.

ఫిబ్రవరి, మార్చిల్లో శ్రమల కాలం. నలభై రోజులూ ఇంటింటి ప్రార్థనలు ఉంటాయి. మట్టల ఆదివారం ఊరేగింపు, శుభ శుక్రవారం మధ్యాహ్నం ఏడు మాటల ధ్యానం, ఈస్టరు నాడు సమాధుల తోటలో సూర్యోదయ ఆరాధన వరుసగా వస్తాయి. ఏడు మాటలను భాషలకు పంచి చెప్పించే పద్ధతి కలగలుపు సంఘాలకు బాగా కుదురుతుంది. తెలుగు వంతు వచ్చినప్పుడు మాట్లాడడానికి ఒక ఆడమనిషిని నిలబెడితే ఇంకా మంచిది. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత బిషప్పు అయ్యారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్పు మన తెలుగింటి ఆడపడుచే. ఆ సంగతి కొన్ని కమిటీలకు ఇంకా చేరినట్టు లేదు!

వేసవి సెలవుల్లో వి.బి.ఎస్. అక్షరాలు నేర్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. పాట, బొమ్మలు, ఆటల మధ్య రోజుకో గంట తెలుగు పలక పట్టించినా చాలు. టీచరు కోసం వెతకక్కర్లేదు, రిటైరైన తెలుగు పంతుళ్లు ప్రతి సంఘంలో ఒకరిద్దరు ఉంటారు.

కోత పండుగ తేదీ ఊరిని బట్టి మారుతుంది. పంట ఇంటికొచ్చాక ఎవరి వీలును బట్టి వాళ్లు పెట్టుకుంటారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, వడ్ల బస్తాలు, కోడిపుంజులు గుడి ముందు చేరతాయి. ఆరాధన కాగానే వేలం. ఈ వేలం పాట చూసి తీరాలి. ఒక భాషలో మొదలై ఇంకో భాషలో ముగుస్తుంది, పది రూపాయల నిమ్మకాయ వందలు దాటుతుంది, కొన్నవాడు దాన్ని మళ్లీ కానుకగా ఇచ్చేస్తే మళ్లీ వేలం వేస్తారు. బంధువులను పిలుచుకోవడానికి క్రిస్మస్ కంటే ఇదే అనువైన పండుగని పల్లెల వాళ్ల మాట.

పెళ్లిళ్లు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. వరుడు ఒక సంఘం, వధువు ఒక సంఘం అయితే పెళ్లి ప్రకటన రెండు చోట్లా మూడేసి ఆదివారాలు చదవాలి. అవతలి రాష్ట్రం గురువు నుంచి ప్రకటన పూర్తయినట్టు పత్రం తెచ్చుకోవాలి. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ పత్రాలు పాత ఊరి రిజిస్టర్లలో ఉంటే ముందే రాయించుకోవడం మేలు. ఆఖరి వారంలో పరుగెత్తితే రిజిస్టరు దొరికినా అయ్యగారు దొరకరు.

క్రిస్మస్‌కు మెదక్ వెళ్లాలనుకునేవారికి 2022 నుంచి రైలుంది. సికింద్రాబాద్-నిజామాబాద్ మార్గంలోని అక్కన్నపేట నుంచి మెదక్‌కు కొత్త లైను వేశారు. నాందేడ్ వైపు నుంచి వచ్చేవారు నిజామాబాద్, కామారెడ్డి మీదుగా రావచ్చు. బీదర్ వాళ్లకు జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా రోడ్డు దారి. మొదటి ఆరాధన తెల్లవారుజామునే మొదలవుతుంది కాబట్టి ముందు రోజు సాయంత్రానికే చేరుకోవాలి. డోర్నకల్ అయితే కాజీపేట-విజయవాడ మార్గంలో జంక్షనే. బల్లార్షా నుంచి వచ్చేవారు కాజీపేట మీదుగా చేరుకోవచ్చు. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ డోర్నకల్‌లో ఆగవు, టికెట్ తీసే ముందు చూసుకోవాలి.