వీకెండ్ బెంగళూరు, ఫుట్‌పాత్ మీద మనోళ్లు

సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన రోజు హాస్టల్లో మొదట వినబడే మాట ఒకటే: "బెంగళూరు పోదామా?" గుత్తి నుంచి దాదాపు 270 కిలోమీటర్లు. రైలెక్కితే అనంతపురం, ధర్మవరం, హిందూపురం దాటి దిగిపోవచ్చు. లేదంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు. శనివారం లాల్‌బాగ్, కబ్బన్ పార్కు, సాయంత్రం చర్చ్ స్ట్రీట్‌లో పుస్తకాల షాపులు. ఆదివారం పొద్దున గాంధీబజార్‌లో 1943 నుంచి నడుస్తున్న విద్యార్థి భవన్ ముందు దోశ కోసం క్యూ. రెండ్రోజులు, జేబులో ఉన్నంత డబ్బు, బోలెడన్ని ఫొటోలు.

ఈ ఫొటోల్లో పడనిది ఒకటుంది. మెజెస్టిక్ బస్టాండ్ బయట, కె.ఆర్. మార్కెట్ చుట్టుపక్కల, పెద్దాసుపత్రుల గోడల వెంబడి దుప్పటి కప్పుకొని పడుకున్న మనుషులు. వాళ్లను చూసి మనలో కొందరు తల తిప్పుకుంటారు, కొందరు పది రూపాయలిచ్చి గబగబా నడుస్తారు, కొందరు "మూడ్ పోయింది రా" అంటారు. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అసలు వాళ్లెవరు, అక్కడే ఎందుకు పడుకుంటారు, చట్టం వాళ్లకేం ఇచ్చింది అనేది తెలిస్తే మన చూపు కొంచెం మారుతుంది.

ఇల్లు లేనోళ్లా, ఇల్లు దూరమైనోళ్లా?

మన జనాభా లెక్కల్లో 'ఇల్లు లేనివాళ్లు' అనే మాటకు ఒక నిర్వచనం ఉంది. రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ మీద, పెద్ద సిమెంటు పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుడి ఆవరణల్లో, రైల్వే ప్లాట్‌ఫాంల మీద ఆరుబయట బతికేవాళ్లు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఎన్యూమరేటర్లు వీధుల్లో తిరిగి వాళ్లను లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద తేలినవాళ్లు సుమారు 17.7 లక్షలు. అందులో పట్టణాల్లో ఉన్నవాళ్లు 9.4 లక్షలు. 2001లో పట్టణాల లెక్క 7.8 లక్షలే. ఆ పదేళ్లలో పల్లెల్లో ఇల్లు లేనివాళ్లు తగ్గారు, పట్టణాల్లో పెరిగారు.

ఒక్క రాత్రిలో చేసిన లెక్క ఇది. ఆ రాత్రి ఏ షాపు వెనకో, ఏ సందులోనో ఉన్నవాళ్లు దీంట్లోకి రాకపోయుండొచ్చు. ఇంకో సంగతి కూడా ఈ లెక్క చెప్పదు. ఫుట్‌పాత్ మీద పడుకున్న ప్రతి మనిషికీ ఎక్కడా ఇల్లే లేదని కాదు. చాలామందికి ఊర్లో ఇల్లుంటుంది. రేషన్ కార్డు, ఓటు, ముసలి తల్లిదండ్రులు అక్కడే ఉంటారు. వాళ్లకు లేనిది సిటీలో తల దాచుకునే చోటు.

ఊరు వదిలిన దారి

మార్కెట్ దగ్గర కాసేపు నిలబడి వినండి. కన్నడ, తమిళంతో పాటు తెలుగు వినబడుతుంది. "యా ఊరు నాయనా మీది?" అని అడిగే గొంతు తగిలితే ఆశ్చర్యపడక్కర్లేదు. మన జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు మన దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. రెండింటికీ మనం చివరే. ఆ వానను నమ్ముకొని వేసేది శెనక్కాయ. ఊడలు దిగే టైంలో మూడు వారాలు చినుకు పడకపోతే కాయ ఉండదు. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న గ్యారంటీ లేదు, అప్పు మాత్రం గ్యారంటీ.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. దేశంలో అన్ని ఊళ్లుండగా బండ్లపల్లికి రావడం ఊరికే జరగలేదు. కరువు, వలస అంటే మొదట గుర్తొచ్చే నేల ఇది. ఊర్లోనే ఏడాదికి వంద రోజుల పని దొరికితే సిటీకి పోయే అవసరం తగ్గుతుందన్నది దాని వెనక ఉన్న ఆలోచనల్లో ఒకటి. కానీ ఏడాదిలో మిగిలిన రోజులూ గడవాలి కదా. అందుకే మనం ట్రిప్‌కి ఎక్కే జనరల్ బోగీలోనే గోనెసంచులతో, పిల్లలతో ఇంకో కుటుంబం ఎక్కుతుంది. మనది ఆదివారం రాత్రి రిటర్న్. వాళ్ల రిటర్న్ వాన చేతిలో ఉంటుంది.

ఫుట్‌పాతే ఎందుకు?

"కూలి వస్తది కదా, రూం తీసుకోవచ్చు కదా" అని మనకు అనిపిస్తుంది. వాళ్ల రోజును ఒకసారి చూద్దాం. బేల్దారి పనికో, మట్టి పనికో పోవాలంటే తెల్లవారేసరికి లేబర్ అడ్డాలో ఉండాలి. మేస్త్రీ వచ్చేసరికి లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. అద్దె తక్కువుండే గదులు ఊరి చివర ఉంటాయి. అక్కడి నుంచి రెండు బస్సులు మారాలి. పైగా బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం పాత అలవాటు. ఏ రోజు కూలి ఆ రోజు తినే మనిషి దగ్గర అంత డబ్బు ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వస్తుంది? అడ్డా పక్కనున్న ఫుట్‌పాత్‌కి అడ్వాన్సు లేదు, బస్సు ఛార్జీ లేదు. ఆ ఎంపిక బద్ధకం కాదు, లెక్క.

ఈ లెక్కను దేశంలో అత్యున్నత న్యాయస్థానం కూడా గుర్తించింది. 1981లో బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్లను ఖాళీ చేయించాలని ప్రభుత్వం నిర్ణయిస్తే, ఓల్గా టెల్లిస్ అనే జర్నలిస్టు మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1985లో వచ్చిన తీర్పు ప్రకారం జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉంది. వాళ్లు పేవ్‌మెంట్ మీద ఉండేది పని దగ్గర కాబట్టి, అక్కణ్ణుంచి వెళ్లగొడితే పని కూడా పోతుంది. అయితే పేవ్‌మెంట్‌ను ఆక్రమించే హక్కు ఉందని మాత్రం కోర్టు అనలేదు. నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇచ్చి ఖాళీ చేయించవచ్చంది. ఈ రెండు వాక్యాల మధ్యే ఇప్పటికీ వాళ్ల బతుకు నడుస్తోంది.

ఆసుపత్రుల బయట పడుకునేవాళ్లది వేరే కథ. క్యాన్సర్‌కి కిద్వాయ్, గుండెకి జయదేవ, నరాలకి నిమ్హాన్స్ అని మన ఊళ్ల నుంచి బెంగళూరు పోతారు. పేషెంటుకు లోపల బెడ్ ఉంటుంది. కూడా వెళ్లిన అమ్మకో, అన్నకో లాడ్జికి డబ్బులుండవు. వాళ్లకు నెల క్రితం ఇల్లుంది, నెల తర్వాత కూడా ఉంటుంది. ఈ నెల మాత్రం గోడ పక్కనే.

కనబడకుండా చేస్తే సరిపోతుందా?

2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో అంతర్జాతీయ వ్యాపార సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ వచ్చింది ఆ సదస్సుకే. దానికి ముందు సిటీ పోలీసులు రోడ్ల మీద భిక్షాటనను రెండు నెలల పాటు నిషేధించారు. చాలామందిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని పునరావాస కేంద్రాలకు తరలించారు. అతిథి వచ్చేముందు మంచం కిందకి చెత్త తోసినట్టు.

కర్ణాటకలో భిక్షాటన నిషేధ చట్టం 1975 నాటిది. దాని కోసం ఆస్తి పన్ను మీద 3 శాతం సెస్సు కూడా వసూలు చేస్తారు. అంత ఏర్పాటు ఉన్నా, 2010 ఆగస్టులో బెంగళూరు మాగడి రోడ్డులోని పునరావాస కేంద్రంలో కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా చనిపోయారు. రోడ్డు మీద కనబడని మనిషి లోపల క్షేమంగా ఉన్నాడని అనుకోలేం. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు అడుక్కోవడాన్ని నేరంగా చూసే సెక్షన్లను ఢిల్లీ వరకు కొట్టేసింది. పేదరికానికి శిక్ష వేయకూడదన్నది ఆ తీర్పు సారం.

చట్టం ఇచ్చిన చోటు

2009 చలికాలంలో ఢిల్లీలో ఒక తాత్కాలిక షెల్టర్‌ను తీసేశారు. ఆ విషయం మీద 2010లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాక నగరాల్లో షెల్టర్ల గురించి గట్టిగా మాట్లాడడం మొదలైంది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్ని పథకంగా మార్చింది. దాని మార్గదర్శకాల ప్రకారం ప్రతి లక్ష పట్టణ జనాభాకి కనీసం వందమందికి వసతి ఉండాలి. మనిషికి 50 చదరపు అడుగుల చోటు, నీళ్లు, టాయిలెట్, కరెంటు ఉండాలి. రాత్రిపూటే కాదు, 24 గంటలూ తెరిచుండాలి.

కాగితం మీద బాగుంది. మరి జనం ఎందుకు పోరు? షెల్టర్ అడ్డాకు దూరంగా ఉంటే కూలి పోతుంది. మగవాళ్లకు విడిగా, ఆడవాళ్లకు విడిగా ఉంటే కుటుంబం రెండు ముక్కలవుతుంది. అన్నిటికన్నా ముందు, అలాంటిదొకటి ఉందనే చాలామందికి తెలియదు.

ఈ ఆలోచన మన గుత్తికి కొత్తదేం కాదు. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట గుత్తిలోనే సమాధి చేశారు. ఆయన గుర్తుగా ఇక్కడ బాటసారుల కోసం సత్రం కట్టించారు. దారినపోయే మనిషికి ఒక రాత్రి నీడ ఇవ్వడం దయ కాదు, ఊరి పద్ధతి అని సత్రాలు కట్టించినవాళ్లకు తెలుసు. షెల్టర్ అంటే ఈ కాలపు సత్రమే.

మరి ట్రిప్ మానేయాలా?

అక్కర్లేదు. మనం దోశ తినకపోతే ఎవరికీ ఇల్లు రాదు. కొన్ని పనులు మాత్రం చేయొచ్చు. పడుకున్న మనిషిని ఫొటో తీసి స్టేటస్ పెట్టకండి. రోడ్డు మీద ఉన్నా అది వాళ్ల పడకగదే. డబ్బులివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఇవ్వనప్పుడు కూడా కళ్లలోకి చూసి "లేదవ్వా" అని చెప్పొచ్చు. తిండి ఇస్తుంటే ముందు అడగండి, మిగిలింది చేతిలో పెట్టేసి పోకండి. ఒంటరిగా పిల్లలు కనబడితే 1098, దిక్కులేని పెద్దవాళ్లుంటే 14567, ఒంట్లో బాగాలేనివాళ్లుంటే 108. ఈ మూడు నంబర్లు ఫోన్లో సేవ్ చేసుకోవడానికి నిమిషం చాలు.

అసలు సంగతి ట్రిప్ తర్వాత ఉంది. ఇంకో రెండు మూడేళ్లలో మనలో చాలామంది అదే బెంగళూరులో, హైదరాబాద్‌లో జాబ్ చేస్తూ అపార్ట్‌మెంట్లలో ఉంటాం. ఏదో ఒక రోజు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "గేటు పక్కన నీలం పట్టల గుడిసెలు వేశారు, తీయించండి" అని మెసేజ్ వస్తుంది. కింద వరసగా థంబ్స్ అప్‌లు పడతాయి. ఆ గుడిసెలోని మనిషే ఆ అపార్ట్‌మెంట్ గోడ కట్టిందని, వాళ్లది నార్పలో, పామిడో, గుత్తో అయ్యుండొచ్చని, తీయించేముందు దగ్గర్లో షెల్టర్ ఎక్కడుందో మున్సిపల్ ఆఫీసులో అడుగుదామని టైప్ చేసే మనిషి ఆ గ్రూపులో ఒక్కరైనా ఉండాలి.