ఆకాశంలో పందెం, నేలమీద బేరం

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ ప్రయోగించిన తొలి కృత్రిమోపగ్రహం స్పుత్నిక్ బరువు 83.6 కిలోలు, వ్యాసం 58 సెంటీమీటర్లు. అందులో ఉన్నది ఒక రేడియో ట్రాన్స్‌మిటరు, మూడు వారాలకు సరిపడే బ్యాటరీలు. వాషింగ్టన్‌ను కలవరపరచింది ఆ లోహగోళం కాదు, దానిని మోసుకుపోయిన ఆర్-7 రాకెట్టు. అంతకు ఆరు వారాల క్రితం, ఆగస్టు 21న, ఆ రాకెట్టే ఖండాంతర క్షిపణిగా జయప్రదంగా పరీక్షింపబడింది. ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చగలవారు అణ్వస్త్రాన్ని అమెరికా నగరాలపైకి కూడా చేర్చగలరని గ్రహించడానికి ఎవరికీ పాండిత్యం అవసరం లేకపోయింది. ఆ రాకెట్టును రూపొందించిన సెర్గీ కొరొల్యోవ్ పేరు 1966లో ఆయన మరణించేవరకు సోవియట్ ప్రజలకు సైతం తెలియనివ్వలేదు.

అమెరికా పరాభవానికి మరొక పార్శ్వం ఉన్నది. ఒక దేశపు ఉపగ్రహం మరొక దేశపు గగనతలం మీదుగా పోవచ్చునా అన్నది అప్పటికి తేలని ప్రశ్న. గూఢచారి ఉపగ్రహాల ఆలోచనలో ఉన్న ఐసెన్‌హోవర్ ప్రభుత్వానికి ఈ ప్రశ్న కీలకమైనది. స్పుత్నిక్ అన్ని దేశాలనూ చుట్టివచ్చినా ఏ ప్రభుత్వమూ అధికారికంగా నిరసన తెలుపలేదు. తెలియకుండానే రష్యన్లు మనకు మేలు చేశారని రక్షణశాఖ ఉపమంత్రి క్వార్ల్స్ నాలుగు రోజులకే అధ్యక్షుని ఎదుట అన్నాడు. 1960 ఆగస్టులో అమెరికా ఉపగ్రహం తీసిన ఛాయాచిత్రాల ఫిల్ము తొలిసారి భూమికి చేరింది.

ఈ పందెంలో న్యూఢిల్లీ పాత్ర మొదట ఒక ఖాళీ కుర్చీతో ప్రారంభమైంది. 1958 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి బాహ్యాంతరిక్షంపై 18 దేశాలతో ఒక తాత్కాలిక సంఘాన్ని నియమించగా, దాని కూర్పు ఏకపక్షంగా ఉన్నదని సోవియట్ కూటమి బహిష్కరించింది. సోవియట్లు లేని సంఘం వ్యర్థమని భారతదేశం, ఐక్య అరబ్ రిపబ్లిక్ కూడా పాల్గొనలేదు. మరుసటి సంవత్సరం 24 దేశాలతో శాశ్వతసంఘం ఏర్పడినపుడు భారత్ అందులో చేరింది. భూమధ్యరేఖ సమీపాన అంతర్జాతీయ రాకెట్ కేంద్రం ఉండాలన్న సిఫారసు 1962లో ఆ సంఘం నుంచే వచ్చింది. అయస్కాంత భూమధ్యరేఖకు చేరువలో ఉన్న తుంబా అనే కేరళ జాలరుల పల్లెకు అలా అదృష్టం పట్టింది.

అయితే ఉపఖండంలో మొదటి రాకెట్టు మనది కాదు. 1962 జూన్ 7న కరాచీకి పశ్చిమాన సోన్‌మియానీ తీరం నుంచి పాకిస్తాన్ ‘రెహ్‌బర్-1’ను ప్రయోగించింది. రాకెట్టు అమెరికాది. తుంబా నుంచి 1963 నవంబరు 21న లేచిన రాకెట్టు కూడా అమెరికాదే. అందులోని సోడియం ఆవిరి పరికరం ఫ్రాన్సుది. కంప్యూటరు, హెలికాప్టరు సోవియట్లవి. విక్రమ్ సారాభాయ్ ప్రజ్ఞ ఇక్కడే కనిపిస్తుంది. ఒకే దాత చేయి పట్టుకొని నడచిన పాకిస్తాన్‌కు నేటికీ ఉపగ్రహాన్ని మోయగల సొంత రాకెట్టు లేదు. దాని తొలి ఉపగ్రహం ‘బద్ర్-1’ 1990లో చైనా రాకెట్టుపై వెళ్ళింది.

సారాభాయ్ 1971 డిసెంబరులో మరణించారు. 1972 మే 10న మాస్కోలో కుదిరిన ఒప్పందం ప్రకారం మన ఉపగ్రహాన్ని సోవియట్లు తమ రాకెట్టుపై పంపాలి. ప్రతిగా వారి పరిశీలక నౌకలు మన రేవులను వాడుకోవచ్చు. చైనా 1970లో సొంతంగా పంపిన తొలి ఉపగ్రహం 173 కిలోలు. బెంగుళూరు శివార్లలోని పీణ్యా షెడ్లలో యు.ఆర్.రావు బృందం నిర్మించిన ‘ఆర్యభట్ట’ 360 కిలోలు. ఈ తేడా యాదృచ్ఛికమని నమ్మే దౌత్యవేత్త ఎవడూ ఉండడు. 1974 మే నాటి పోఖ్రాన్ విస్ఫోటనం పిదప పాశ్చాత్య దేశాలు ముఖం చాటువేసినా, మాస్కో మాట తప్పలేదు. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట కక్ష్య చేరింది. కొద్ది రోజులకే విద్యుత్ లోపం వల్ల శాస్త్రీయ ప్రయోగాలు నిలిచిపోయినా, దాని బొమ్మ రెండు రూపాయల నోటు కెక్కింది.

అత్యవసర పరిస్థితి విధించిన అయిదు వారాలకు, ఆగస్టు 1న, అమెరికా వంతు వచ్చింది. నాసా తన ఏ.టి.ఎస్-6 ఉపగ్రహాన్ని మనకు ఎరువిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలు దాని ద్వారా టెలివిజన్ చూశాయి. కొలంబోలో ఆర్థర్ క్లార్క్ ఇంటి మీద కూడా మన ఇంజనీర్లు ఒక యాంటెన్నా అమర్చారు. సరిగ్గా ఏడాదికి గడువు తీరింది; ఎరువు సొత్తు యజమానికి తిరిగి వెళ్ళింది.

ఇద్దరు దాతలూ ఉపగ్రహాల విషయంలో ఉదారులే. రాకెట్ల విద్య దగ్గరకు వచ్చేసరికి ఇద్దరికీ చేయి రాలేదు. అది క్షిపణివిద్య కనుక. శ్రీహరికోట అవసరం అందుకే కలిగింది. నాటి నెల్లూరు జిల్లాలోని ఆ దీవిని ప్రభుత్వం సేకరించినపుడు అక్కడి యానాదులు తమ అడవిని విడవవలసి వచ్చింది. రాకెట్ల విజయగాథలలో వారి ఊసు అరుదు. అక్కడి నుంచి 1979 ఆగస్టు 10న లేచిన ఎస్.ఎల్.వి-3 సముద్రం పాలైంది. 1980 జూలై 18న రెండవది 35 కిలోల రోహిణిని కక్ష్యలో ఉంచింది.

భారీ ఉపగ్రహాలకు కావలసిన క్రయోజెనిక్ ఇంజను కోసం మళ్ళీ మాస్కో తలుపే తట్టవలసి వచ్చింది. 1991లో ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది చివర సోవియట్ యూనియనే అంతరించింది. రెండు నెలలు తిరగకముందే, 1992 ఫిబ్రవరిలో, ఆర్యభట్ట వాతావరణంలో ప్రవేశించి కాలిపోయింది. మే నెలలో అమెరికా క్షిపణి వ్యాప్తి నిరోధం పేరిట ఇస్రోపైనా, రష్యన్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌పైనా రెండేళ్ళ ఆంక్షలు విధించింది. 1993లో రష్యా వెనుకంజ వేసింది: తయారైన ఇంజన్లు ఇస్తాము, తయారీ విద్య ఇవ్వము అన్నది. తెచ్చుకున్న ఇంజన్లతో 2001లో తొలి జి.ఎస్.ఎల్.వి. శ్రీహరికోట నుంచి లేచింది. మనవారే చేసుకున్న ఇంజనుతో 2010 ఏప్రిల్ 15న పంపిన రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. 2014 జనవరి 5న పంపినది కక్ష్య చేరింది.